అధిక పీడనం వేడిని ఎలా పట్టి ఉంచుతుంది: హీట్ డోమ్ నుంచి మన పడమటి గాలి దాకా

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, అక్కడ అల్పపీడనం ఏర్పడుతుంది అని స్కూల్లో చదివాం కదా, మరి వార్తల్లో అధిక పీడనం వల్ల ఎండలు ముదిరాయని ఎందుకంటారు? 2021లో కెనడాను కాల్చేసిన హీట్ డోమ్, మే నెలలో మన దగ్గర వీచే వడగాల్పు ఒకటేనా? అది వస్తోందని నాలుగైదు రోజుల ముందు మనమే చూసుకోవచ్చా? మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. అది తేలితే మిగతా రెండూ సగం తేలిపోతాయి.

టీవీ బొమ్మల్లో హీట్ డోమ్‌ను, అంటే వేడి గోపురాన్ని, కుండ మీద బోర్లించిన మూతలా చూపిస్తారు. దాంతో వేడి ఎక్కడి నుంచో వచ్చి మూత కింద ఇరుక్కుపోయిందని జనం అనుకుంటారు. ఎక్కువ భాగం వేడి అక్కడికక్కడే, ఏ రోజుకారోజు ఎండలోంచి పుడుతుంది. మామూలు రోజుల్లో అంత ఎండా కాస్తుంది, కానీ ఆ వేడి పోవడానికి దారులుంటాయి: మేఘం అడ్డుపడుతుంది, నేలలోని తడి ఆవిరవుతూ కొంత మింగేస్తుంది, వేడిగాలి పైకి లేచి వానగా మారి చల్లారుతుంది, పక్క ప్రాంతం నుంచి చల్లగాలి వచ్చి దాన్ని నెట్టేస్తుంది. పై ఎత్తుల్లో బలమైన అధిక పీడనం తిష్ట వేస్తే ఈ దారులన్నీ మూసుకుపోతాయి. వడగాల్పు ముదిరేది అందుకే.

ఇప్పుడు స్కూల్లో చదివినదానికీ దీనికీ ఉన్న పేచీ చూద్దాం. పీడనం అంటే మన నెత్తిన ఉన్న గాలి బరువు. ఒక ప్రాంతం మీది గాలి అంతా వేడెక్కితే అది వ్యాకోచించి నిట్టనిలువుగా సాగుతుంది. అప్పుడు అయిదున్నర కిలోమీటర్ల ఎత్తున నిలబడి కొలిస్తే, చుట్టుపక్కల చల్లటి ప్రాంతాలకంటే ఇక్కడ ఆ ఎత్తుకి పైన ఎక్కువ గాలి ఉంటుంది. అంటే అక్కడ అధిక పీడనం. అదే సమయంలో నేల మీద బారోమీటర్ తక్కువ చూపించవచ్చు, ఎందుకంటే సాగిన గాలిలో కొంత పై నుంచి పక్కలకు జారిపోతుంది. కాబట్టి కింద అల్పపీడనం, పైన అధిక పీడనం ఒకే చోట, ఒకే రోజు ఉండగలవు. మే నెలలో మన దేశంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. స్కూలు పాఠం తప్పు కాదు, అది నేల దగ్గరి మాట. హీట్ డోమ్ గురించి మాట్లాడేవాళ్లు చెప్పేది సాధారణంగా 500 హెక్టాపాస్కల్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) మట్టం గురించి.

ఈ మట్టాన్ని మీటర్లలో చెబుతారు: గాలి పీడనం 500 హెక్టాపాస్కల్‌కి పడిపోయే చోటు సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందీ అని. గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటుంది. 1000 నుంచి 500 హెక్టాపాస్కల్ మధ్య ఉన్న గాలి సగటు ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే ఆ పొర మందం సుమారు 20 మీటర్లు పెరుగుతుంది. పటంలో ఒకచోట ఎత్తు మామూలుకంటే 100 మీటర్లు ఎక్కువ కనిపిస్తే, నేల దగ్గర పీడనం పెద్దగా మారలేదనుకుంటే, ఆ గాలి అంతా సగటున 5 డిగ్రీలు వేడెక్కిందని అర్థం. ఒక్క రోజు ఎండకి అంత మందం గాలి అంతలా వేడెక్కదు.

మరి పైగాలి ఎలా వేడెక్కింది? అందరూ చెప్పే జవాబు, గాలి కిందికి దిగుతూ నొక్కుకుపోతుంది, నొక్కుకుంటే వేడెక్కుతుంది, ప్రతి కిలోమీటరుకి 9.8 డిగ్రీలు అని. జవాబు సరైనదే, కానీ లెక్క వేసి చూస్తే దాని హద్దు తెలుస్తుంది. అధిక పీడనంలో గాలి దిగే వేగం చాలా తక్కువ. సెకనుకి అర సెంటీమీటరు అనుకుందాం, అంటే రోజుకి 430 మీటర్లు. దిగిన గాలి 4.2 డిగ్రీలు వేడెక్కింది. అయితే అది చేరిన ఎత్తులో అంతకుముందే ఉన్న గాలి కూడా పైగాలికంటే వెచ్చగానే ఉంటుంది కదా, కిలోమీటరుకి సుమారు 6.5 డిగ్రీల చొప్పున. రెండింటి తేడా తీస్తే ఒక స్థిరమైన ఎత్తులో పెరిగేది రోజుకి 1.4 డిగ్రీలే. మేఘాలు లేని గాలి పరారుణ కిరణాల రూపంలో అంతరిక్షంలోకి పోగొట్టుకునే వేడి కూడా రోజుకి దాదాపు 1 నుంచి 1.5 డిగ్రీలు ఉంటుంది. అంటే మామూలు అధిక పీడనంలో గాలి దిగడం వల్ల వచ్చే వేడి, ఆ నష్టాన్ని పూడ్చడానికే సరిపోతుంది. దిగడం ఇంకా జోరుగా ఉంటే లేదా ఎక్కడో దూరాన భారీ వాన మేఘాల్లో విడుదలైన వేడిని మోసుకొచ్చిన గాలి పైన చేరితే తప్ప రికార్డులు బద్దలవవు. 2021లో ఈ రెండోది కూడా తోడైంది. పసిఫిక్ మీద కురిసిన వానల్లో వేడెక్కిన గాలి పై ఎత్తుల గుండా అమెరికా పశ్చిమ తీరానికి వచ్చి ఆ గోపురాన్ని ఇంకా ఉబ్బించింది.

ఇంకో సంగతి కూడా తరచూ మరిచిపోతారు. దిగే గాలి నేరుగా నేలని తాకదు. నేల దగ్గర నిలువు వేగం సున్నా అయిపోతుంది. పైనున్న వేడి కిందికి చేరాలంటే పగటి ఎండకి నేల నుంచి లేచే గాలి సుడులు పైపొరదాకా వెళ్లి దాన్ని కలుపుకుని రావాలి. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకి ఉష్ణోగ్రత శిఖరానికి చేరేదీ, తెల్లవారుజామున అదే ఊళ్లో కాస్త ఊపిరి ఆడేదీ అందుకే.

గాలి దిగడం వల్ల అసలైన నష్టం ఆకాశంలో జరుగుతుంది. దిగే గాలి వెచ్చగా, పొడిగా ఉంటుంది. ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల ఎత్తున అది ఒక వెచ్చటి పొరగా నిలుస్తుంది. కింది నుంచి లేచే గాలి ఆ పొరను తాకేసరికి చుట్టూ ఉన్న గాలికంటే బరువవుతుంది, ఇక పైకి పోలేదు. ఉరుముల వాన కురిపించే క్యుములోనింబస్ మేఘం కట్టే అవకాశం అక్కడే చచ్చిపోతుంది. మేఘం లేదు కాబట్టి నీడ లేదు, వాన లేదు.

నేల తడి దగ్గర కాస్త ఆగి లెక్క చూడాలి, ఎందుకంటే రోజులు గడిచేకొద్దీ ఎండ ఎందుకు ముదురుతుందో చెప్పేది ఇదే. నిర్మలమైన మే రోజున మన ప్రాంతంలో చదరపు మీటరు నేల మీద పడే సౌరశక్తి రోజుకి సుమారు 25 మెగాజౌళ్లు. 1 మిల్లీమీటరు నీరు, అంటే చదరపు మీటరుకి 1 లీటరు, ఆవిరవడానికి 2.45 మెగాజౌళ్లు కావాలి. పంటలు, చెట్లు, తడినేల కలిసి రోజుకి 4 మిల్లీమీటర్లు ఆవిరి చేస్తుంటే దాదాపు 10 మెగాజౌళ్లు గాలిని వేడెక్కించకుండానే ఖర్చయిపోతాయి. నేల ఎండిపోయిందంటే ఆ 10 మెగాజౌళ్లూ గాలిలోకే. 3 కిలోమీటర్ల మందాన గాలిని 1 డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 3 మెగాజౌళ్లు సరిపోతాయి. అంటే తడి పోయినందుకే రోజుకి 3 డిగ్రీల అదనపు వేడి. కొంత రాత్రి పోతుంది, కొంత మిగులుతుంది.

ఆ మిగిలేది ఎక్కడుంటుందన్నది ముఖ్యం. పగలు 3, 4 కిలోమీటర్ల ఎత్తుదాకా కలిసిన వేడిగాలిలో, సూర్యుడు దిగాక కింది కొన్ని వందల మీటర్లు మాత్రమే చల్లబడతాయి. దానిపైన ఉన్నదంతా నిన్నటి వేడిని అలాగే పట్టుకుని ఉంటుంది. మర్నాడు ఉదయం తొమ్మిది, పదింటికి కింది పలుచని చల్లటి పొర వేడెక్కి పోగానే నిన్నటి వేడి మళ్లీ చేతికందుతుంది. దాని మీద ఈ రోజు ఎండ. పక్కనుంచి కొత్తగాలి వచ్చి ఈ నిల్వను తుడిచేయకపోతే మూడో రోజు, నాలుగో రోజు, అయిదో రోజు ఇలా పెరుగుతూనే ఉంటుంది. 2010లో రష్యాలో జూన్ చివర మొదలై ఆగస్టు మధ్యదాకా సాగిన వడగాల్పులో ఇదే యంత్రం వారాల తరబడి నడిచింది. నేల ఎండిపోయింది, కుళ్లిన మొక్కలతో ఏర్పడిన పీట్ నేలలు అంటుకున్నాయి, జులై 29న మాస్కోలో 38.2 డిగ్రీలు నమోదైంది. సుమారు 55,000 మంది చనిపోయారని అంచనా.

గాలి వీస్తూనే ఉంటుంది కదా, ఇది కదలకుండా ఎలా నిలుస్తుందని మీకు సందేహం రావాలి. సమశీతోష్ణ అక్షాంశాల్లో 9, 10 కిలోమీటర్ల ఎత్తున జెట్ ప్రవాహం పడమర నుంచి తూర్పుకి ఉరుకుతుంది. మామూలుగా దానిలోని మెలికలు రోజురోజుకీ తూర్పుకి జరుగుతాయి, వాటితో పాటు వాతావరణమూ మారుతుంది. ఒక్కోసారి మెలిక బాగా పెద్దదై, గ్రీకు ఒమేగా అక్షరం ఆకారంలో ఉత్తరానికి ఉబ్బి, రెండు పక్కలా అల్పపీడనాలు చేరి ఆగిపోతుంది. పెద్ద మెలికలకి తూర్పుకంటే పడమరకి జరిగే స్వభావం ఎక్కువ, జెట్ వాటిని తూర్పుకి తోస్తుంది, రెండూ సరితూగితే అది ఉన్నచోటే ఉండిపోతుంది. అలా ఆగిన దాని నడిబొడ్డున ఉన్న ఊళ్లకి ఎండ, అంచున ఉన్నవాళ్లకి వరద. 2010లో రష్యా మండుతున్నప్పుడే పాకిస్తాన్ మునగడం కాకతాళీయం కాదు. ఆ రెండింటినీ కలిపింది పైనున్న ఒకే అలల వరుస.

2021 జూన్ చివరి వారం సంగతి. అమెరికా వాయవ్య రాష్ట్రాలు, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మీద 500 హెక్టాపాస్కల్ మట్టం 5,900 మీటర్లను బాగా దాటింది. ఆ అక్షాంశాలకి అది ఊహించని ఎత్తు. అంతకుముందు కెనడా రికార్డు 1937 నుంచి 45 డిగ్రీలు. లిట్టన్ అనే చిన్న ఊరు జూన్ 27న 46.6, 28న 47.9, 29న 49.6 నమోదు చేసింది. రోజుకి ఒకటిన్నర డిగ్రీ చొప్పున పైకెక్కిన ఆ మెట్లు చూస్తే, పైన చెప్పిన నిల్వ లెక్క కళ్లకు కడుతుంది. 30న మంటలు ఊరిని దాదాపు మొత్తంగా మింగేశాయి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే సియాటెల్‌లో 28న 42.2 డిగ్రీలు, పోర్ట్‌లాండ్‌లో 46.7. పోర్ట్‌లాండ్ పాత రికార్డు 41.7, అంటే ఒక్కసారే 5 డిగ్రీలు ఎగిరింది. రికార్డులు సాధారణంగా అర డిగ్రీ, డిగ్రీ చొప్పున కదులుతాయి.

అక్కడ ఇంకో ఆజ్యం కూడా పడింది. మామూలుగా ఆ తీరానికి పసిఫిక్ నుంచి చల్లటి గాలి వస్తుంది. గోపురం కూర్చున్న తీరు వల్ల ఆ రోజుల్లో తూర్పు నుంచి, కాస్కేడ్ పర్వతాలు దాటి గాలి కిందికి దిగింది. సముద్రపు గాలిని ఆపేయడమే కాక, దిగుతూ మళ్లీ వేడెక్కింది. 28 సాయంత్రం తర్వాత సముద్రపు గాలి లోపలికి చొచ్చుకు రాగానే తీరం వైపు ఊళ్లు చల్లబడ్డాయి. ఆ గాలి అందని లోయలో ఉన్న లిట్టన్‌కి మర్నాడే రికార్డు వచ్చింది. మనిషి వల్ల వాతావరణం వేడెక్కి ఉండకపోతే ఈ స్థాయి దాదాపు అసాధ్యమని తర్వాత చేసిన విశ్లేషణ తేల్చింది. గోపురాలు ఎప్పుడూ ఏర్పడతాయి, వాటి కింద మొదలయ్యే ఉష్ణోగ్రతే ఇప్పుడు ఎక్కువ.

ఇక మన దగ్గరికి. మన మే వడగాల్పు కూడా ఆ కుటుంబానికి చెందినదే, కానీ అచ్చం అది కాదు. అమెరికా ఛానళ్లలో 5,880 మీటర్ల గీత దాటితే ప్రమాదం అని చెబుతారు. ఆ గీత పట్టుకుని మన పటం చూస్తే మోసపోతారు. ఉష్ణమండలంలో ఈ ఎత్తు ఏడాది పొడవునా కొద్ది పదుల మీటర్లే మారుతుంది. మంచి వానాకాలం రోజున కూడా ఆ దరిదాపుల్లోనే ఉండొచ్చు. వానాకాలానికి ముందు ఉపఉష్ణమండల అధిక పీడన గట్టు, అంటే పొడవుగా సాగిన అధిక పీడన పట్టీ, మన అక్షాంశాల మీదుగానే ఉంటుంది. ఏప్రిల్‌లో 75 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద 500 హెక్టాపాస్కల్ గట్టు ఎంత ఉత్తరాన ఉందో చూసి రుతుపవన వర్షపాతాన్ని అంచనా వేసే పద్ధతి మన వాతావరణ శాఖలో చాలాకాలం నడిచింది. అంటే పైన అధిక పీడనం ఉండటం మనకి వేసవిలో మామూలు స్థితే. కాబట్టి ఉందా లేదా అన్న ప్రశ్నతో మనకి పని తక్కువ. కింద గాలి ఎటు నుంచి వస్తోంది, సముద్రపు గాలికి దారి ఉందా, ఈ రెండే తేల్చేవి.

కోస్తాలో వడగాల్పు అంటే పడమటి గాలే. దక్కన్ పీఠభూమి మీద హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 41 డిగ్రీలున్న పొడిగాలి తూర్పుకి వీస్తూ కృష్ణా, గుంటూరు, ప్రకాశం మైదానాలకి దిగితే నొక్కుడు వల్లే మరో 5 డిగ్రీలు చేరుతుంది. 46. హైదరాబాద్ కంటే సముద్రానికి దగ్గరగా ఉన్న విజయవాడ ఎక్కువ మండటానికి, రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వినపడటానికి ఇది పెద్ద కారణం. మామూలు రోజున మచిలీపట్నం, బాపట్ల, ఒంగోలు, కావలిలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి వచ్చేస్తుంది, ఉష్ణోగ్రత 37, 38 దగ్గర ఆగి దిగుతుంది. పడమటి గాలి బలంగా ఉంటే ఆ సముద్రపు గాలి మూడింటికో నాలుగింటికో వస్తుంది, లేదా రానే రాదు. ఆ రెండు మూడు గంటల ఆలస్యంలోనే ఉష్ణోగ్రత 44, 45 దాటిపోతుంది. పోర్ట్‌లాండ్‌కి తూర్పు గాలి చేసిన పనే మనకి పడమటి గాలి చేస్తోంది.

2015 మే చివరి పది రోజులు దీనికి నిలువెత్తు ఉదాహరణ. వాయవ్య గాలులు ఆగకుండా వీచాయి, సముద్రపు గాలి బలహీనపడింది, రుతుపవనాలు కేరళని తాకడం జూన్ 5కి జరిగింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. తూర్పు తీరపు వడగాల్పులకి, ఉత్తర భారత వడగాల్పులకి పుట్టుక వేరని పరిశోధనలు చెబుతున్నాయి. ఉత్తరాదివి దూరంగా అట్లాంటిక్ మీద ఆగిన అధిక పీడనాలతో ముడిపడితే, మనవి పసిఫిక్‌లోని మార్పుల వల్ల బలపడే వాయవ్య గాలులతో ముడిపడ్డాయి.

బంగాళాఖాతంలో తుఫాను ఉన్నప్పుడు మరో రకం ప్రమాదం ఉంటుంది. అది మనవైపు రాకుండా మయన్మార్, బంగ్లాదేశ్‌ వైపు మళ్లితే సంబరపడతాం. కానీ తుఫాను చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి, దానికి పడమరన ఉన్న మనకి వాయవ్యం నుంచి భూభాగపు పొడిగాలి వస్తుంది. పైగా సముద్రం మీది తేమనంతా అదే లాక్కుంటుంది. 2003 మే నెలలో వచ్చిన తుఫాను అప్పటికే ఉన్న ఎండల్ని అలాగే ముదిర్చింది. 2023 మే 14న మయన్మార్ తీరం దాటిన మోఖా తుఫాను లాంటివి వచ్చినప్పుడు, వాన హెచ్చరిక లేదని ఊరుకోకుండా ఉష్ణోగ్రత సూచన చూడాలి.

ఇంకొకటి, వార్తల్లో రోజూ వినే ద్రోణి. విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటక మీదుగా తమిళనాడుదాకా వేసవిలో ఒక గాలి విభజన రేఖ ఉంటుంది. దానికి పడమరన పొడిగా ఉండే వాయవ్య గాలి, తూర్పున బంగాళాఖాతం నుంచి తేమగాలి. ఆ రేఖ పడమరకి జరిగితే మనకి ఉక్కపోత, సాయంత్రం ఉరుములు, వడగళ్లు, ఈదురుగాలి. అది తూర్పుకి, తీరం మీదికి జరిగితే రెండు రాష్ట్రాలూ పొడిగాలి కిందికి వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలేది అప్పుడే.

ముందుగా పసిగట్టే పద్ధతి ఇది. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నంలో వాతావరణ శాఖ పైగాలి ఉష్ణోగ్రత, తేమ, గాలి కొలిచే రేడియోసాండ్ బెలూన్లు వదులుతుంది. ఉదయం 5:30 కొలతలు వ్యోమింగ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. స్టేషన్ నంబర్లు వరుసగా 43128, 43185, 43150. పట్టికలో 850 హెక్టాపాస్కల్ వరుస తీయండి. దాని ఎత్తు సుమారు 1,480 మీటర్లు ఉంటుంది, పక్కన ఉష్ణోగ్రత. ఉదాహరణకి మచిలీపట్నం మీద 30 డిగ్రీలు ఉందనుకోండి. 1.48ని 9.8తో గుణిస్తే 14.5, కలిపితే 44.5. మధ్యాహ్నానికి గాలి అంత ఎత్తుదాకా కలిసిపోతే తీరప్రాంతంలో చేరే గరిష్ఠం అదీ. నేలకి ఆనుకున్న పొర ఇంకో డిగ్రీ అదనంగా వేడెక్కుతుంది. హైదరాబాద్‌కైతే 1,480 లోంచి 540 తీసేయాలి: 0.94ని 9.8తో గుణిస్తే 9.2, అంటే అదే 30కి గరిష్ఠం 39 పైచిలుకు. రాబోయే రోజులకి ఇదే లెక్కను విండీ లాంటి యాప్‌లో 850 మట్టం ఎంచుకుని వేసుకోవచ్చు. 850 దగ్గర 27, 28 అయితే మన మామూలు మే. 30 దాటి వరుసగా మూడు రోజులు కనిపిస్తే జాగ్రత్త పడాల్సిందే.

ఈ లెక్క తప్పేది ఎక్కడంటే, కలిసిపోతే అన్న షరతు దగ్గర. సముద్రపు గాలి పన్నెండింటికే వస్తే ఆ ఊరికి 44.5 రాదు. అందుకే 925 హెక్టాపాస్కల్ మట్టంలో, అంటే సుమారు 750 మీటర్ల ఎత్తున, ఉదయం గాలి దిశ కూడా చూడండి. పడమర లేదా వాయవ్యం నుంచి గంటకి 30, 35 కిలోమీటర్లు ఉంటే సముద్రపు గాలి ఆలస్యమవుతుంది. దక్షిణం లేదా ఆగ్నేయం నుంచి ఉంటే మీకు మిగిలేది ఉక్కపోతే. పల్చటి పైమేఘం కమ్మినా ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతాయి.

యాప్‌లో కనిపించే ఊరి ఉష్ణోగ్రతని తీరప్రాంతంలో నమ్మకండి. ఉచితంగా దొరికే కొన్ని ప్రపంచ మోడళ్ల గడి 25 కిలోమీటర్లపైన ఉంటుంది. మచిలీపట్నం గడిలో సముద్రం కూడా కలిసిపోయి ఉష్ణోగ్రత తక్కువ చూపిస్తుంది. కొలతల్ని కూడా ఒకసారి అనుమానించాలి. 2024 మే 29న ఢిల్లీ ముంగేష్‌పూర్‌లో 52.9 అని దేశమంతా మోగిపోయింది, తర్వాత వాతావరణ శాఖ పరిశీలిస్తే ఆ సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. చుట్టుపక్కల స్టేషన్లకంటే ఒక్కటే 3, 4 డిగ్రీలు పైన ఉంటే ఆగి చూడండి. ఇంట్లో థర్మామీటర్ పెట్టేవాళ్లు ఎండ తగలని ఉత్తరం వైపు, నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తున, గోడకి ఆనించకుండా, గాలి ఆడేచోట పెట్టాలి. కారు డ్యాష్‌బోర్డు అంకెకి రోడ్డు వేడి కలిసి ఉంటుంది.

అధికారిక హద్దులు కూడా తెలిసి ఉండాలి. వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో గరిష్ఠం కనీసం 40 ఉండి, మామూలుకంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వడగాల్పు, 6.4 దాటితే తీవ్ర వడగాల్పు. మామూలుతో సంబంధం లేకుండా 45 తాకితే వడగాల్పు, 47 అయితే తీవ్రం. తీరంలో 37 ఉండి 4.5 ఎక్కువైనా చాలు. ఒకే వాతావరణ విభాగంలో కనీసం రెండు స్టేషన్లలో, రెండు రోజులు వరుసగా ఉంటే రెండో రోజున ప్రకటిస్తారు. ఆ రెండో రోజు అన్నమాట గుర్తుంచుకోండి, ప్రకటన వచ్చేసరికి ఒక రోజు గడిచిపోయి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా మర్నాటి జాబితా ఇస్తుంది, మన పనికి అదే ఎక్కువ ఉపయోగం.

చివరగా ఇల్లు. బ్రిటిష్ కొలంబియాలో 2021 గోపురం కింద చనిపోయిన 619 మందిలో 98 శాతం మంది ఇళ్లల్లో, భవనాల లోపలే పోయారు. ఎండలో తిరిగినవాళ్లే పడిపోతారనుకోవడం పొరపాటు. పగలంతా వేడిని తాగిన స్లాబ్ అర్ధరాత్రిదాకా దాన్ని గదిలోకి వదులుతూనే ఉంటుంది. రాత్రి కూడా శరీరం చల్లబడకపోతే మూడో రోజుకి పెద్దవాళ్ల గుండె తట్టుకోలేదు. పై అంతస్తులో ఉండే వృద్ధుల్ని మొదటి రోజే కింది అంతస్తుకి మార్చండి. స్లాబ్ మీద సున్నం లేదా తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ మార్చిలోనే వేయాలి, మేలో తలుచుకుంటే లాభం లేదు. సాయంత్రం ఎండ వాలాక స్లాబ్ తడపడం పొడి రోజుల్లో బాగా పనిచేస్తుంది.

కూలర్ ఎప్పుడు పనిచేస్తుందో కూడా గాలి దిశే చెబుతుంది. 45 డిగ్రీలు, 15 శాతం తేమ ఉంటే తడిబల్బు ఉష్ణోగ్రత, అంటే నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరచగల హద్దు, 24. మంచి ప్యాడ్లున్న కూలర్ ఆ రెండింటి తేడాలో ముప్పావు వంతు తగ్గిస్తుంది, అంటే 29 డిగ్రీల గాలి వస్తుంది. కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి, లేకపోతే తేమ గదిలోనే పేరుకుంటుంది. అదే 38 డిగ్రీలు, 60 శాతం తేమ అయితే తడిబల్బు 31. కూలర్ నుంచి వచ్చేది 33 డిగ్రీల తడిగాలి, చెమట ఆరదు, అప్పుడు నీళ్లు ఆపేసి ఫ్యాన్‌గా మాత్రమే వాడండి. పొడిగాలి 40 దాటాక మాత్రం ఉత్త ఫ్యాన్ వేడిగాలిని ఒంటికి కొట్టడమే. చర్మం తడిపి, తడిగుడ్డ కప్పుకుని ఫ్యాన్ కింద ఉండాలి.

పడమటి గాలి తగ్గి ద్రోణి పడమరకి జరిగిన రోజున అంకె 45 నుంచి 39కి పడుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా ఆ రోజే తేమ ఎగబాకుతుంది. కూలీ పనిలో ఉన్నవాళ్లకి, బట్టీల దగ్గర, షెడ్లలో పనిచేసేవాళ్లకి 45 డిగ్రీల పొడిరోజు కంటే ఈ 39 డిగ్రీల తడిరోజు ఎక్కువ ప్రమాదం కావచ్చు. పని వేళల్ని మళ్లీ మామూలుకి మార్చేముందు ఉష్ణోగ్రత ఒక్కటే చూడకుండా తడిబల్బు కూడా చూడండి. అది 30 దాటి ఉంటే పదకొండు నుంచి నాలుగు దాకా బరువు పని పెట్టకూడదు.